పాత రికార్డుల పెట్టె: ఇంట్లో విలువ, బజారులో ధర

కర్నూలు, అనంతపురం, కడప వైపు పాత ఇల్లు పడగొట్టేటప్పుడో, అన్నదమ్ములు భాగాలు పంచుకునేటప్పుడో అటక మీది నుంచి రికార్డుల పెట్టె దిగితే, అందులో ఘంటసాల భగవద్గీత ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇంట్లోవాళ్ళు ముందు దాన్నే తీసి, తుడిచి పక్కన పెడతారు. కొనడానికి వచ్చినవాడు మాత్రం దాన్ని చూసీ చూడనట్టు దాటేసి, అడుగున ఎవరూ పట్టించుకోని ఏ వాయిద్య సంగీతం ఎల్పీ (పన్నెండంగుళాల పెద్ద రికార్డు) దగ్గరో ఆగుతాడు. ఇంట్లోవాళ్ళకు కనిపించేదొకటి, కొనేవాడికి కనిపించేదొకటి. పాత రికార్డుల ధరల గురించి వచ్చే అపోహలన్నీ ఈ తేడా తెలియకపోవడం వల్ల పుట్టినవే.

ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. చివరి రోజుల్లో ఆయన పాడిన గీత ఆ తర్వాతే రికార్డుగా జనంలోకి వచ్చింది. గుడి మైకులో, చావు జరిగిన ఇంటి ముందు అది మోగని ఊరు లేదనే చెప్పాలి. అంతగా అమ్ముడుపోయింది కాబట్టే ఇప్పటికీ దొరుకుతోంది, దొరుకుతోంది కాబట్టే ధర పెరగలేదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం ఎల్పీ (1963) సంగతీ ఇంతే. టీటీడీ కోసం ఆమె పాడిన బాలాజీ పంచరత్నమాల ఐదు ఎల్పీల సెట్టును కడప ఇళ్ళల్లో మరీ ప్రియంగా దాచుకుంటారు. అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక ఆ గడ్డమీదే ఉంది మరి. ఐదూ అట్టలతో సహా, గీతలు లేకుండా ఉంటే కొంత మంచి ధర వస్తుంది. విడి ఎల్పీకి వచ్చేది వందల్లోనే.

వాట్సాప్ ప్రచారం మాత్రం వేరేగా ఉంటుంది. ట్రాక్టర్ బొమ్మ ఉన్న 5 రూపాయల నోటుకు లక్షలు ఇస్తామని మోసగాళ్ళు జనాన్ని ఊరించిన కథ తెలిసిందే. పాత నోట్లు, నాణేల పేరుతో జరిగే ఇలాంటి మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2021లో ప్రకటన కూడా ఇచ్చింది. ఇప్పుడు అదే వరసలో గ్రామఫోను ప్లేట్లూ చేరాయి. ప్రపంచంలో కొన్ని రికార్డులు కళ్ళు తిరిగే ధర పలికిన మాట నిజమే. బీటిల్స్ బృందంలో డ్రమ్స్ వాయించిన రింగో స్టార్ దగ్గరున్న 'వైట్ ఆల్బమ్' 0000001 నంబరు ప్రతి 2015 డిసెంబరులో వేలంలో 7,90,000 డాలర్లకు పోయింది. అయితే ఆ ధర పాటలకు వచ్చింది కాదు. ఆ నంబరుకు, దాన్ని దాచుకున్న మనిషికి వచ్చింది. అదే ఆల్బమ్ మామూలు ప్రతులు ఎవరైనా కొనుక్కోగలిగే ధరలోనే దొరుకుతున్నాయి.

ధర కట్టేది పాతదనం కాదు

ఒక రికార్డుకు ధర రావాలంటే మూడు కుదరాలి. ప్రతులు తక్కువగా మిగలాలి, మిగిలినది బాగుండాలి, దాన్ని కావాలనుకునే మనిషి ఉండాలి. ఎన్నేళ్ళ నాటిది అన్న ప్రశ్నకు ఈ మూడింటిలో ఎక్కడా చోటు లేదు. జేజినాయన కొన్న ప్లేటు అన్న మాట ఇంట్లో గొప్పే. కొనేవాడు అడిగేది మాత్రం అచ్చు నంబరు, అట్ట, గీతలు.

అమ్ముడుపోని సరుకే తర్వాత బంగారమవుతుందనడానికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. చరణ్‌జిత్ సింగ్ అనే బొంబాయి సినిమా వాద్యకారుడు 1982లో కొత్త సింథసైజర్లు, డ్రమ్ మెషీన్లు పెట్టుకుని పది రాగాలను డిస్కో తాళానికి వాయించి ఒక ఎల్పీ చేశాడు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. చాలా ఏళ్ళ తర్వాత విదేశీ డీజేలు విని, ఆ తరవాత పాశ్చాత్య దేశాల్లో పుట్టిన క్లబ్ సంగీతం ఛాయలు ఇందులో ముందే ఉన్నాయని ఆశ్చర్యపోయారు. 2010లో దాన్ని విదేశాల్లో మళ్ళీ అచ్చు వేశారు. అప్పటి అసలు ప్రతి ఇప్పుడు వందల డాలర్ల సరుకు. ఆనాడు లక్షల ఇళ్ళకు చేరి ఉంటే ఈ ధర ఉండేదే కాదు.

తెలుగులోనూ ఈ సూత్రం ఒకచోట బాగా కనిపిస్తుంది. 1980ల చివరికి జనం క్యాసెట్లకు మారిపోయారు. సినిమా ఎల్పీలు మాత్రం 90ల మొదటి ఏళ్ళ దాకా కొద్దికొద్దిగా అచ్చు అవుతూనే వచ్చాయి. కొన్నవాళ్ళు తక్కువ, ప్రతులు తక్కువ. అందుకే 1950ల నాటి పాటల ఈపీ (ఏడంగుళాల చిన్న రికార్డు) కంటే 1980ల చివర్లో వచ్చిన ఇళయరాజా పాటల ఎల్పీకి ఇప్పుడు ఎక్కువ పోటీ ఉంటుంది. దాన్ని అడిగేవాడు ఆ పాటలు క్యాసెట్లో వింటూ పెరిగి, ఇప్పుడు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో జీతం తీసుకుంటున్న మనిషి. తన చిన్నతనాన్ని తానే కొనుక్కుంటున్నాడు. 1950ల పాటలతో చిన్నతనం గడిపినవాళ్ళు ఇప్పుడు కొనే వయసులో లేరు. రికార్డుల ధర తరంతోపాటు మారుతుందన్న సంగతి చాలామంది అమ్మకందార్లకు మింగుడుపడదు. నలభై ఏళ్ళ కిందట గొప్పగా ఉన్న పేరు వచ్చే పదేళ్ళలో ఇంకా తగ్గవచ్చు.

సీమ పెట్టెలో అడుగున ఉండేవి

భారతదేశంలో గ్రామఫోన్ కంపెనీ తొలి రికార్డింగులు 1902 నవంబరులో కలకత్తాలో జరిగాయి. గౌహర్ జాన్ పాడింది. అప్పట్లో పాట ఇక్కడ, అచ్చు జర్మనీలోని హనోవర్‌లో. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ వచ్చాక ప్లేట్లు ఇక్కడే తయారయ్యాయి. తర్వాత అది డమ్‌డమ్‌కు మారింది. పాత రికార్డుల మీద కనిపించే 'డమ్‌డమ్' అన్న ఊరి పేరు అదే.

ఈ తొలితరం ప్లేట్లు తర్వాతి ఎల్పీల్లా వినైల్ ప్లాస్టిక్‌వి కావు. నిమిషానికి 78 సార్లు తిరిగే లక్క ప్లేట్లు. లక్క పాలు తక్కువే, ఎక్కువ భాగం రాతిపొడి, రంగుకు మసి. కలిపిన రాతిపొడుల్లో బెరైటీస్ కూడా ఉండేది. పాత ఉమ్మడి కడప జిల్లాలోని మంగంపేట ప్రపంచంలోనే పెద్ద బెరైటీస్ నిల్వల్లో ఒకటి. అక్కడివాళ్ళు ముగ్గురాయి అనే ఆ రాయికి, పద్యాల ప్లేటుకు ఇంత దగ్గర చుట్టరికం ఉందని ఎంతమందికి తెలుసో! రాతిపొడి ఎందుకంటే, ఆ రోజుల్లో ఉక్కు ముల్లుతో వాయించేవారు. ప్లేటే ముల్లును అరగదీసి తన గాడికి సరిపెట్టుకునేది. అందుకే ఒక్కో వైపుకు ఒక్కో కొత్త ముల్లు వేయాలని పెట్టె మీద రాసి ఉండేది. ముల్లుకు డబ్బు పెట్టడానికి ప్రాణం ఒప్పక, ఒకే ముల్లుతో నెలల తరబడి లాగించిన ఇళ్ళే ఎక్కువ. అరిగిన ముల్లు తిరిగి గాడినే కోసేస్తుంది. నల్లగా మెరవాల్సిన ప్లేటు బూడిదరంగులోకి తిరిగి ఉంటే కారణం అదే. విచిత్రం ఏమిటంటే, ఆ ముళ్ళు వచ్చిన చిన్న రేకు డబ్బాలను ప్రత్యేకంగా సేకరించేవాళ్ళున్నారు. పెట్టెలో ఉన్న పది ప్లేట్ల కంటే మూలన పడి ఉన్న ఆ డబ్బాకే ముందు బేరం తగలొచ్చు.

పది అంగుళాల ప్లేటులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు, కొంచెం అటూ ఇటూ. శాస్త్రీయ సంగీతానికి అది గొంతు నొక్కినట్టే. కానీ తెలుగు నాటక పద్యానికి మాత్రం సరిగ్గా సరిపోయింది. ఒక పద్యం, దానికి ముందు కాస్త రాగం, చివర్లో గుక్కతిప్పుకోని ఆలాపన. ఒక వైపు అయిపోయింది. కపిలవాయి రామనాథశాస్త్రి లాంటి నటగాయకుల గొంతు వాళ్ళ నాటకం ఎన్నడూ చూడని ఊళ్ళకు కూడా చేరింది ఇలాగే. నాటకం మొత్తాన్ని అనేక ప్లేట్ల సెట్టుగా కూడా తెచ్చేవారు. దక్షిణాదిన గ్రామఫోన్ కంపెనీ వారి హెచ్‌ఎంవీ రికార్డులకు పోటీగా మద్రాసు సరస్వతీ స్టోర్స్ వారి ఓడియన్ రికార్డులు వచ్చాయి. తర్వాత సినిమా స్టూడియో పెట్టిన ఏ.వి. మెయ్యప్పన్ ఆ వ్యాపారంలో భాగస్వామి. రాయలసీమ అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. మద్రాసు–బొంబాయి రైలు దారి కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగానే పోతుంది. కర్నూలు, బళ్ళారి, అనంతపురం ప్రాంతాల్లో పౌరాణిక నాటకం మీదున్న మోజు అందరికీ తెలిసిందే. కాబట్టి సీమ పెట్టెల్లో అడుగున నాటక పద్యాల ప్లేట్లు కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

చిక్కల్లా ఇక్కడే. ఈ పద్యాల 78లు నిజంగా అరుదు. లక్క ప్లేటు చేయి జారితే పెంకులవుతుంది. మిగిలినవాటిలో సగం అరిగిపోయి ఉంటాయి. అరుదు అన్న పరీక్షలో వీటికి మంచి మార్కులే వస్తాయి. కానీ కొనేవాడేడి? పద్యం విని తలాడించే తరం తగ్గిపోయింది. 78లు వాయించే యంత్రం ఉన్న ఇళ్ళు ఇంకా తక్కువ. తెలుగు పద్యం కోసం విదేశీ కొనుగోలుదారు రాడు. అందుకే ఊళ్ళో ఎవరి దగ్గరా లేని ప్లేటు రెండు మూడు వందలకు పోతుంది, దానికంటే తేలిగ్గా దొరికే హిందీ డిస్కో ఎల్పీకి అంతకు ఎన్నో రెట్లు వస్తుంది. ఇది అన్యాయం అనుకోవచ్చు, కానీ బజారుకు న్యాయంతో పనిలేదు. సేకరించేవాడి వైపు నుంచి చూస్తే మాత్రం ఇదే అదను. తక్కువ డబ్బుతో నిజంగా అరుదైన వస్తువు దొరికే చోటు తెలుగు రికార్డుల్లో ఇదొక్కటే మిగిలింది.

సినిమా పాటల్లో సీమకు దక్కిన వాటా చిన్నదేమీ కాదు. బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి సోదరులు పులివెందుల ప్రాంతం వాళ్ళు. కె.వి. రెడ్డి తాడిపత్రి మనిషి. 1951లో వచ్చిన మల్లీశ్వరి, పాతాళభైరవి, 1957 నాటి మాయాబజార్ వీళ్ళ చేతుల మీదుగా వచ్చినవే. తన పాటలు తానే పాడుకున్న తొలితరం నటి శాంతకుమారిది ప్రొద్దుటూరు ప్రాంతం. వీటి పాటలు మొదట వచ్చింది 78 ప్లేట్ల మీదే, ఒక వైపుకు ఒక పాట. ఆ తర్వాత అవే పాటలు 45 వేగంతో తిరిగే ఏడంగుళాల ఈపీల మీద, ఇంకా తర్వాత 'ఆణిముత్యాలు' తరహా సంకలనాల ఎల్పీల మీద ఎన్నోసార్లు వచ్చాయి. ఇంట్లో 1951 సినిమా రికార్డు ఉంది అంటే అది 1951లో అచ్చయిందని కాదు. దాదాపు అన్నిసార్లూ అది 60ల్లోనో, 70ల్లోనో వచ్చిన ఈపీ అయి ఉంటుంది. ప్లేటు మధ్యన, గాడులు అయిపోయిన నున్నటి వలయంలో గీసిన సంఖ్యను వెలుతురుకు పట్టి చూస్తే ఏ అచ్చో తేలుతుంది. సినిమా విడుదలైన ఏడాది చెప్పి ధర అడిగేవాళ్ళను కొనేవాళ్ళు అక్కడే పసిగట్టేస్తారు.

తెలుగు ఒక్కటే చూస్తే సీమ పెట్టె సగమే అర్థమవుతుంది. కర్నూలు, కడప ముస్లిం ఇళ్ళల్లో కవ్వాలీ రికార్డులు దొరుకుతాయి. హబీబ్ పెయింటర్, ఇస్మాయిల్ ఆజాద్, శంకర్–శంభు, అజీజ్ నాజాన్ లాంటి పేర్లు. హిందూపురం, మడకశిర వైపు కన్నడ రికార్డులు తెలుగువాటితో కలిసే ఉంటాయి. కవ్వాలీకి దేశమంతటా కొనేవాళ్ళున్నారు కాబట్టి పెట్టెను కర్నూలు పాతబస్తీలో ఒకరకంగా, బెంగళూరు షాపులో ఒకరకంగా ఏరతారు. మొత్తం పెట్టెను 'తెలుగు పాతపాటలు' అని ఒకే ధరకు ఇచ్చేస్తే నష్టపోయేది ఇక్కడే.

మైకుసెట్టు, ఎండ, బోరునీళ్ళు

చాలా ఇళ్ళల్లో రికార్డు ప్లేయరే ఉండేది కాదు. కడపలో ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చింది. పాట వినాలంటే రేడియో ఉంది, లేదంటే పెళ్ళిలో, జాతరలో, పీర్ల పండగలో మోగే మైకుసెట్టు ఉంది. ఈ ప్రాంతంలో సినిమా రికార్డులను విస్తారంగా కొన్నవాళ్ళు ఆ మైకుసెట్టు వాళ్ళే. పాత సామాన్ల అంగళ్ళకు చేరే పెద్ద కట్టలు చాలావరకు అక్కడివే. అట్ట మీద, లేబుల్ మీద కూడా సౌండ్ సర్వీస్ రబ్బరు ముద్ర, బాల్‌పెన్నుతో వేసిన వరస నంబరు, బరువైన ముల్లుతో వేలసార్లు వాయించిన గుర్తులు. ఒక్కో ఈపీలో హిట్ పాట ఉన్న వైపు బూడిదరంగులో, రెండో వైపు కొత్తదానిలా ఉంటుంది! ఆ ఊరు ఏ పాట అడిగిందో ప్లేటు చూసి చెప్పొచ్చు. చరిత్రగా అది విలువైన ఆధారం. ధరగా చూస్తే అదే పెద్ద దెబ్బ.

స్థితికి ప్రపంచమంతా ఒక కొలత వాడుతుంది. అమెరికా పత్రిక గోల్డ్‌మైన్ పేరుతో చెలామణి అయ్యే ఆ కొలతలో కొత్తదానికి దాదాపు సమానమైన ప్రతిని నియర్ మింట్ అంటారు. దాని తర్వాతిది వెరీ గుడ్ ప్లస్, ధర అందులో సగం. ఉట్టి వెరీ గుడ్‌కు పావు వంతు. 'గుడ్' అన్న మెట్టు పేరు వినడానికి బాగుంటుంది కానీ దానికి దక్కేది పది, పదిహేను శాతం. మచ్చలేని ప్రతి 2,000 రూపాయలు పలికే ఎల్పీ అనుకుందాం. కాస్త గీతలుంటే 1,000, పాట వెనకాల చిటపట వినిపిస్తే 500, మైకుసెట్టు ప్రతికి 200 నుంచి 300. ఇంటర్నెట్లో కనిపించిన 2,000 పట్టుకుని ఇంట్లో ఉన్న వంద ఎల్పీలకు రెండు లక్షలని లెక్కేసుకోవడంతో గొడవంతా మొదలవుతుంది.

స్థితిని చెడగొట్టడంలో సీమ వాతావరణానిది పెద్ద చెయ్యి. వినైల్ 60 డిగ్రీల దరిదాపుల్లో మెత్తబడుతుంది. వేసవిలో కర్నూలు, అనంతపురాల్లో నీడలోనే 42 దాటుతుంది. ఎండలో నిలిపిన కారులో, రేకుల కప్పు కింద, పడమటి గోడకు ఆనించిన అటకలో ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు. పైగా ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి పేర్చడం ఒకటి, అడుగువి పైవాటి బరువుకే వంగిపోతాయి. రికార్డులను నిలబెట్టాలి, ఒరగనివ్వకూడదు. వంద ఎల్పీలు అట్టలతో కలిపి పాతిక కిలోల దాకా తూగుతాయి, సన్నపాటి ప్లైవుడ్ అర అంత బరువు మోయలేదు. ఈ విషయంలో మాత్రం సీమ ఇల్లు అదృష్టవంతురాలు. కడప బండతో గోడలో కట్టిన అరలు ఎంత బరువైనా మోస్తాయి, చెదలూ తొందరగా ఎక్కవు. ఎండ పడే గోడలో కాకుండా లోపలి గోడలో ఉంటే చాలు.

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది. అలాంటి వరదలో ప్లేటు వినైల్‌దైతే కడిగితే బతుకుతుంది. కానీ అట్ట పోతుంది, లేబుల్ పాడవుతుంది. ధరలో అట్టకు దక్కే వాటా ఎంతో తెలిసేది అప్పుడే. అట్ట లేని ఎల్పీని కొనేవాళ్ళు దాదాపు ఉండరు.

కడగడం దగ్గర ఇంకో పొరపాటు జరుగుతూ ఉంటుంది. అనంతపురం బోరునీళ్ళ కాఠిన్యం గీజర్ ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. వాటితో కడిగి ఆరబెడితే గాడుల్లో తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, దుమ్ము కంటే అది మొండిది. మెకానిక్ షాపులో బ్యాటరీలో పోయడానికి అమ్మే డిస్టిల్డ్ వాటరు చవక, అదే సరైనది. వినైల్‌కైతే కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపినా ఫరవాలేదు. లక్క ప్లేటుకు మాత్రం స్పిరిట్ అన్నది తగలకూడదు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. వడ్రంగి ఫ్రెంచ్ పాలిష్ చేసే పద్ధతే అది. శానిటైజర్‌తో శుభ్రంగా తుడిచిన పద్యాల ప్లేటు మళ్ళీ పాడదు.

ఎక్కడ అమ్ముడవుతాయి

ఈ మూడు ఊళ్ళలో పాత రికార్డులకు చెప్పుకోదగ్గ బజారు లేదు. పాత ఇనుము, పాత సామాన్ల వాళ్ళ చేతి నుంచి సరుకు బెంగళూరుకో, హైదరాబాద్‌కో, చెన్నైకో పోతుంది. అక్కడ ఏరి, కడిగి, ఒక్కొక్కటిగా అమ్ముతారు. మధ్యలో ధర అనేక రెట్లు పెరిగిందని చికాకు పడేవాళ్ళుంటారు. కానీ వంద ప్లేట్లలో అమ్ముడుపోయేవి పదో పదిహేనో. మిగిలినవాటిని మోసి, దాచి, పారేసే ఖర్చు కూడా ఆ పది మీదే పడుతుంది. తీరిక ఉన్నవాళ్ళు డిస్కాగ్స్ వంటి వెబ్‌సైట్‌లో రికార్డు నంబరు కొట్టి చూసుకోవచ్చు. అక్కడ చూడాల్సింది అమ్మేవాడు అడుగుతున్న ధర కాదు, గతంలో నిజంగా ఎంతకు అమ్ముడైందన్న లెక్క. అడిగే ధరకు హద్దు లేదు, ఎవరైనా ఎంతైనా రాసుకోవచ్చు.

కొనేవాళ్ళకు ఉన్న పెద్ద ఉచ్చు ప్లేట్లలో కంటే యంత్రాల్లో ఉంది. తళతళలాడే ఇత్తడి బూర, చెక్క పెట్టె మీద కుక్క బొమ్మ, 'నూరేళ్ళ నాటిది' అన్న మాట. ఇవి చాలావరకు కొత్తగా తయారైన నకళ్ళు. పాత పోర్టబుల్ గ్రామఫోన్ల మోటార్లు పీకి, కొత్త పెట్టెలో బిగించి, పైన ఇత్తడి బూర తొడుగుతారు. హాల్లో అలంకారానికి బాగుంటాయి, కాదనలేం. ప్లేటు పెట్టి తిప్పితే మాత్రం ముల్లు బిగించి ఉండే బరువైన సౌండ్‌బాక్సు గాడిని చెక్కేస్తుంది. వినైల్ ఎల్పీని అలాంటి దాని మీద ఒక్కసారి పెట్టినా చాలు, పాడైపోతుంది. అటు 78 ప్లేటును ఎల్పీకి వాడే ముల్లు (స్టైలస్)తో వాయించినా తప్పే. 78 గాడి వెడల్పు, దానికి మూడు మిల్లుల (మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు) మొన కావాలి. ఎల్పీది ఒక మిల్లు, అంతకంటే సన్నం. సన్నటి మొన వెడల్పు గాడి అడుగున దొర్లి రొదను మాత్రమే ఏరుకొస్తుంది.

కొత్త వినైల్ మోజు ఈ పాత పెట్టెల ధరను పెంచుతుందా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. అమెరికాలో 2022లో సీడీల కంటే వినైల్ రికార్డులే ఎక్కువ సంఖ్యలో అమ్ముడయ్యాయి. మన దగ్గర కూడా పాత సినిమాల పాటలు కొత్త అచ్చులో వస్తున్నాయి, రెండు మూడు వేలు పెట్టి కొనేవాళ్ళున్నారు. మోజు వల్ల ప్లేయర్లు ఉన్న ఇళ్ళు పెరిగాయి కాబట్టి, బాగున్న పాత ఎల్పీకి గిరాకీ పెరిగింది. ఒక ఆల్బమ్ కొత్త అచ్చు రాగానే దాని పాత ప్రతి ధర మాత్రం కొన్నాళ్ళు తగ్గుతుంది. పాట కోసం కొనేవాడు శుభ్రమైన కొత్తదానికి పోతాడు, పాత ప్రతి కోసం మిగిలేది అసలు సేకర్తే. 78లకు ఈ మోజు తగల్లేదు. కొత్త ప్లేయర్లన్నింటికీ 78 వేగం ఉండదు.

ప్లేటు కొంటే పాట మీద హక్కు రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మన చట్టంలో సౌండ్ రికార్డింగు మీద హక్కు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు. ఆ లెక్కన 1950ల ప్లేట్ల రికార్డింగు హక్కులు ఎప్పుడో తీరిపోయాయి. రచన, స్వరాల హక్కు వేరే, అది రాసినవారు పోయాక కూడా 60 ఏళ్ళు ఉంటుంది. మల్లీశ్వరి పాటలు రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి 1980లో కన్నుమూశారు. ఆ సాహిత్యం మీద హక్కు 2040 దాకా నడుస్తుంది. ఇంట్లో వినడానికి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం ఒకటి, యూట్యూబ్‌లో పెట్టి ప్రకటనల డబ్బు ఆశించడం ఇంకొకటి. ఇక 100 ఏళ్ళు దాటిన ప్లేట్లయితే 1972 నాటి పురావస్తు చట్టం నిర్వచనం కిందికి కూడా రావచ్చు. విదేశీ కొనుగోలుదారుకు పార్సిల్ కట్టేముందు అడిగి తెలుసుకోవడం మంచిది.

అమ్మినా, ఉంచుకున్నా ముందు చేయాల్సిన పని జాబితా రాయడం. లేబుల్ కంపెనీ, రికార్డు నంబరు, పాడినవారి పేరు, మధ్య వలయంలో గీసిన సంఖ్య, రెండు వైపులా ఫోను ఫొటో. మైకుసెట్టు ముద్ర ఉంటే అది కూడా. అది తుడిపేయాల్సిన మురికి కాదు, ఆ ప్లేటు ఏ ఊళ్ళో తిరిగిందో చెప్పే ఏకైక కాగితం. అచ్చు సంఖ్యలతో కూడిన నాలుగు ఫొటోలు పంపితే దూరాన ఉన్న కొనుగోలుదారు బేరం నిమిషాల్లో తేలుస్తాడు. 'పాతపాటలు వంద ఉన్నాయి' అంటే మాత్రం కిలోల లెక్కకు దిగుతాడు.

బీటలు పడిన పద్యాల ప్లేట్లను ఈ జాబితాలో వదిలేయకూడదు. వాటికి ధర సున్నా, నిజమే. కానీ అంచు నుంచి సన్నగా బీటపడి, ఇంకా విడిపోని ప్లేటును సరైన మొనతో, తక్కువ బరువుతో చాలాసార్లు ఒక్కసారైనా వాయించవచ్చు. నిమిషానికి 78 సార్లు టక్కుమంటుంది, అంతే. ఆ చప్పుడు లెక్కగా ఒకే వ్యవధిలో వస్తుంది కాబట్టి కంప్యూటర్‌లో దాన్ని తీసేయడం పెద్ద పనేమీ కాదు. రెండు ముక్కలైపోయిన దాన్ని మాత్రం జిగురుతో అతికించే ప్రయత్నం ఇంట్లో చేయకుండా, ముక్కలు రెండూ ఒకే కవరులో పెట్టి ఉంచాలి. లేబుల్ మీద పేరు, నంబరు మిగిలి ఉన్నంతవరకు ఆ పాత్ర ఎవరు పాడారో, ఏ కంపెనీ తెచ్చిందో చెప్పడానికి ఆ ముక్కలే చాలు.